నృత్య సందేహాలు: చేతిలో ఆకు లేకుండానే

ప్రశ్న: నేను కూచిపూడి నేర్పుతాను. పొగాకు గ్రేడింగ్ చేసే (ఆకును రకాలవారీగా వేరుచేసే) ఆడవాళ్ల మీద ఐదుగురు అమ్మాయిలతో 12 నిమిషాల కాంటెంపరరీ అంశం తయారుచేస్తున్నాం. ఆకు తీయడం, చూడడం, కట్టడం హస్తాలతో (చేతి ముద్రలతో) పెట్టాను. చూస్తే స్కూలు వార్షికోత్సవం పాటలా ఉంది. ఎక్కడ తేడా కొట్టింది?
– పాఠకురాలు, ఒంగోలు

జవాబు: హస్తం పట్టగానే ‘ఇది ఆకు’ అని తెలిసిపోతుంది. ఆ తర్వాత చూసేవాళ్లకు పనేమీ ఉండదు. మీ అంశంలో కనపడాల్సింది ఆకు కాదు, పొద్దుటి నుంచి ఒకేచోట కూర్చున్న నడుము.

యజమానినీ పనిచేసేవాళ్లనూ అడిగి, పిల్లలతో సహా ఒక గ్రేడింగ్ షెడ్డులో గంటసేపు కూర్చోండి. ఫోను బయటికి తీయొద్దు. వీడియో అనగానే వాళ్లు సర్దుకుంటారు, మీరూ తర్వాత చూడొచ్చులే అని కళ్లప్పగించడం మానేస్తారు. ఆకు అందుకునేటప్పుడు ఒళ్లు ఏ పక్కకు ఒరుగుతోంది? రంగూ మచ్చా చూసేటప్పుడు తల తిరుగుతోందా, కళ్లు మాత్రమేనా? పక్కామెతో మాట్లాడుతున్నా చెయ్యి ఆగకుండా ఎలా సాగుతోంది? ఆకు దుమ్ముకు ముక్కు దురదపెడితే అరచేత్తో తుడుచుకుంటారా, భుజానికి రుద్దుకుంటారా? అన్నీ రాసుకుని, వాటిలో మూడే కదలికలు ఉంచుకోండి.

ఒక్కోదాన్ని ఎనిమిది కౌంట్లకు (తాళం లెక్కలకు) కట్టి, అప్పుడు మార్చడం మొదలుపెట్టండి. చేతిది మోచేతికి, అక్కణ్ణుంచి మోకాలికి ఇవ్వండి. ఎనిమిది కౌంట్లను 32కు సాగదీయండి. కూర్చుని చేసినదాన్ని నిలబడి, ప్రేక్షకులకు వీపు పెట్టి చేయించండి. ఈ మూడింటితోనే రెండు నిమిషాల సరుకు వస్తుంది. ఐదుగురూ ముందు కలిసి చేసి, తర్వాత రెండేసి కౌంట్ల తేడాతో ఒకరి వెనక ఒకరు అందుకుంటే వరస విడిపోయి షెడ్డంతా కదులుతున్నట్టుంటుంది. నాకైతే ఇలాంటి అంశానికి ప్రాణం అక్కడే అనిపిస్తుంది.

బెడిసికొట్టేది రెండుచోట్ల. మొదటిది ముఖం. అభినయం నేర్చిన పిల్లలు వెంటనే విచారం పెడతారు. వద్దంటే ఇంకా బిగుసుకుపోతారు, కాబట్టి చూపుకు పని చెప్పండి: వేళ్ల కొసల మీంచి కన్ను తీయకూడదు, అంతే. రెండోది ఎత్తు. మన హాళ్లలో చాలావాటిలో కుర్చీలన్నీ ఒకే మట్టంలో ఉంటాయి, వెనక వరుసలకు నేలమీద కూర్చున్నవాళ్లు కనపడరు. అడుగెత్తు పీటలు వేయండి, నేలమీది భాగం రెండు నిమిషాలకు మించనివ్వకండి.

సంగీతం చివర్లో ఎంచుకోండి. మాటలున్న పాట పెడితే కథ రెండుసార్లు చెప్పినట్టవుతుంది. ఎండాకు గలగలలు రికార్డు చేసుకుంటే సగం పని అయినట్టే. సాధనకు మాత్రం, నిమిషం నృత్యానికి నాలుగైదు గంటలు లెక్కేసుకోండి.

ప్రశ్న: చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల స్ఫూర్తితో ముగ్గురం నృత్యం చేయాలనుకుంటున్నాం. ఆ భంగిమల్లో నిలబడితే సరిపోతుందా?
– విద్యార్థిని, కావలి

జవాబు: నిలబడితే ఫొటో అవుతుంది, నృత్యం కాదు. ఆ పెద్ద బొట్లూ ముదురు రంగు చీరలూ కాసేపు పక్కనపెట్టి, బొమ్మలో ఖాళీ ఎంత ఉందో చూడండి. మనుషులు చట్రం నిండా ఉంటారు, చోటు మిగలదు. దాన్నే మీ నియమం చేసుకోండి: స్టేజీ ఎంత పెద్దదైనా, ఆరడుగుల చదరంలో మాత్రమే వెలుగు, ముగ్గురూ దాన్ని దాటకూడదు. ఒకరు తిరగాలంటే మిగతా ఇద్దరూ జరగాల్సిందే. కదలికలు ఆ ఇరుకులోంచే పుడతాయి.

ప్రశ్న: మా నాయనమ్మకు మతిమరుపు జబ్బు. ఆమె మీద సోలో చేయాలని ఉంది. ఏడుపుగొట్టుగా మారుతుందేమోనని భయం.
– పాఠకుడు, కనిగిరి

జవాబు: 1930లో అమెరికన్ నర్తకి మార్తా గ్రాహం శోకం మీద చేసిన సోలోలో కథ లేదు. నర్తకి బల్ల మీద కూర్చుని, సాగే గుడ్డ గొట్టంలోంచి ఒళ్లు తోసుకుంటూ ఉంటుంది, అంతే. మీరూ ఏడుపు నటించొద్దు.

ఆమె రోజూ చేసే పని ఒకటి తీసుకోండి. తువ్వాలు మడతపెట్టడం అనుకుందాం. దులపడం, అంచులు కలపడం, మడవడం, అరచేత్తో రాయడం, అన్నీ కలిపి 16 కౌంట్లు. తువ్వాలు లేకుండా మూడుసార్లు పూర్తిగా చూపండి. నాలుగోసారి నుంచి ఒక్కో పని తీసేయండి, కానీ దాని కౌంట్లు ఖాళీగా ఉంచండి. చేతులు గాల్లో ఆగిపోయి, తర్వాతి పనిని సరైన కౌంటుకే అందుకోవాలి. చాలామంది ఆ ఖాళీ భరించలేక ముందుకు దూకేస్తారు. దూకితే మరుపు పోయి, పొరపాటులా కనిపిస్తుంది. సాధనలో కౌంట్లు పైకే లెక్కపెట్టండి. మూడుసార్ల కంటే తక్కువ చూపితే, ఏది పోయిందో ఎవరికీ తెలియదు.

స్టేజీ ఎక్కేముందు మీ నాన్నగారికీ మేనత్తలకూ చూపించండి. ఏదైనా వద్దంటే తీసేయండి.

ప్రశ్న: మా ప్రదర్శన కల్యాణమండపంలో. నేలంతా గ్రానైట్. ఫర్వాలేదా?
– పాఠకురాలు, నెల్లూరు

జవాబు: చీమకుర్తి గ్రానైట్ అందంగానే ఉంటుంది గానీ, గెంతితే దెబ్బ మోకాళ్లకూ ముంజంగకూ వస్తుంది. 24x20 అడుగుల చోటుకు 8x4 ప్లైవుడ్ షీట్లు 15 కావాలి. కింద గట్టి ఫోమ్ మ్యాట్లు, అతుకుల మీద టేపు, పైన డాన్స్ వినైల్ (నృత్యానికి పరిచే ప్లాస్టిక్ షీటు). వినైల్‌ను ముందురోజు రాత్రే పరిచి ఉంచండి, చుట్టిన మడతలు లేవవు. ఖర్చుకు వెనకాడితే గెంతులన్నీ తీసేసి, వట్టి కాళ్లతో చేయండి. సాక్సులూ పౌడరూ వద్దు. మొదలుపెట్టే ముందు తడిగుడ్డతో తుడిపించి, పూర్తిగా ఆరనివ్వండి.