బిల్లింగ్ డేటాబేస్ మార్చాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు, మామయ్య ఆశీస్సులు.

మీ మందుల హోల్‌సేల్ బిల్లింగ్ నడిచే మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2019లో డేటా 9 జీబీ దాటిందన్నావు. దాని పరిమితి 10 జీబీ నిండిన రోజు కొత్త బిల్లు సేవ్ కాదు, నిజమే. డబ్బు కట్టే స్టాండర్డ్ రకం కొనాలా, ఉచితంగా దొరికే వేరే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌కి మారాలా అని అడిగావు. ముందు ఆ 9 జీబీలో ఏముందో చూశావా?

ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని చూసుకునే మేనేజ్‌మెంట్ స్టూడియో ప్రోగ్రాంలో డేటాబేస్ మీద రైట్ క్లిక్ చేసి, స్టాండర్డ్ రిపోర్టుల్లో ‘డిస్క్ యూసేజ్ బై టాప్ టేబుల్స్’ తెరువు. బిల్లుల కన్నా కొనుగోలు ఇన్‌వాయిస్‌ల స్కాన్ కాపీలే ఎక్కువ చోటు తింటూ ఉంటాయి చాలా చోట్ల. వాటిని ఫోల్డర్‌లోకి తీసి, టేబుల్లో ఫైలు దారి మాత్రం ఉంచు. ఆ ఫోల్డర్‌కి కూడా బ్యాకప్ పెట్టాలి, మర్చిపోకు. తీశాక ఫైలు సైజు తగ్గలేదని కంగారుపడి ఫైలుని కుదించే ష్రింక్ కొట్టకు, వెతకడాన్ని వేగం చేసే ఇండెక్సులు ముక్కలు ముక్కలవుతాయి. ఖాళీ అయిన చోట్లోకే కొత్త బిల్లులు వెళ్తాయి. ఎవరు ఏది దిద్దారో రాసుకునే ఎడిట్ లాగ్ టేబుల్ మాత్రం ముట్టుకోవద్దు. మీది ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ నమోదవ్వాలి, ఆ లెక్కలు 8 ఏళ్లు ఉండాలి.

ఇంకో సంగతి. 10 జీబీ గోడ 2022 వెర్షన్‌తో సరి. 2025 ఎక్స్‌ప్రెస్‌లో అది 50 జీబీ, అదీ ఉచితమే. కాకపోతే అక్కడ బ్యాకప్ తీసినది మళ్లీ 2019లో రీస్టోర్ కాదు, కనుక పాత బ్యాకప్ ఒకటి విడిగా దాచి ఆ పని చెయ్యి.

అంటే చోటు నీకు అసలు సమస్య కాదు. ఎక్స్‌ప్రెస్‌లో మారనిది మెమరీ. సర్వర్లో 32 జీబీ ర్యామ్ పెట్టినా డేటా కోసం అది వాడుకునేది 1,410 ఎంబీ, కోర్లు నాలుగు మించవు. నెలాఖరు స్టాకు రిపోర్టు తీస్తుంటే కౌంటర్లో బిల్లింగ్ నిలబడిపోతోందా? ఇండెక్సులు సరిచూసినా అలాగే ఉంటే అప్పుడు మార్పు గురించి ఆలోచించు. లేదంటే 2025 ఎక్స్‌ప్రెస్‌లో హాయిగా ఉండు.

స్టాండర్డ్ కొనేటట్టయితే లెక్క రెండు రకాలు. మైక్రోసాఫ్ట్ అమెరికాలో ప్రకటించిన 2022 వెర్షన్ ధరల్లో రెండు కోర్ల ప్యాక్ 3,945 డాలర్లు. నీ ఎనిమిది కోర్ల సర్వర్‌కి నాలుగు ప్యాకులు, 15,780. రెండో దారిలో సర్వర్‌కి 989, తర్వాత మనిషికో కంప్యూటర్‌కో ఒక క్యాల్, అంటే సర్వర్‌ని వాడుకునే లైసెన్స్, ఒక్కోటి 230. మీ ముప్పై మందికీ ముప్పై క్యాల్స్‌తో మొత్తం 7,889. ఇక్కడి ధర డీలర్ దగ్గర వేరుగా ఉంటుంది గానీ నిష్పత్తి ఇలాగే వస్తుంది. బిల్లింగ్ ప్రోగ్రాం ఒకే లాగిన్‌తో కనెక్ట్ అవుతుంది కాబట్టి ఒక్క క్యాల్ చాలని ఎవరైనా చెబితే నమ్మకు, ఆ ప్రోగ్రాం వెనక ఉన్న ముప్పై మందికీ కావాల్సిందే. కౌంటర్లు రెండు షిఫ్టులు నడిస్తే కంప్యూటర్ లెక్కన తీసుకో, క్యాల్స్‌లో సగం దాకా మిగులుతాయి.

మిగతా డేటాబేసుల్లో ఒరాకిల్ మీ పనికి అక్కర్లేదు. మైఎస్‌క్యూఎల్‌తోనూ బండి నడుస్తుంది, కానీ ప్రొసీజర్లు, అంటే డేటాబేస్ లోపలే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాంలు, నిండిన బిల్లింగ్‌కి నేనైతే పోస్ట్‌గ్రెస్ వైపే మొగ్గుతాను.

పోస్ట్‌గ్రెస్‌కి లైసెన్స్ డబ్బు లేదు, ఖర్చంతా మనుషుల రోజుల్లో పడుతుంది. మీ ప్రోగ్రాం బయటి కంపెనీదై, వాళ్లు ఎస్‌క్యూఎల్ సర్వర్‌కే సపోర్ట్ ఇస్తామంటే ఈ పేరా వదిలెయ్. మీ ఇద్దరు ప్రోగ్రామర్లే రాసిందైతే స్టోర్డ్ ప్రొసీజర్లు ఎన్నో లెక్కపెట్టించు. తేదీ ఫంక్షన్లు, టాప్, ఈజ్‌నల్ లాంటి చిన్న ఆదేశాలు పూటలో మారతాయి. కర్సర్లు (వరుసలు ఒక్కొక్కటిగా చదివేవి), టెంప్ టేబుళ్లు (తాత్కాలిక టేబుళ్లు) ఉన్నవి ఒక్కొక్కటీ ఒక రోజు మింగుతాయి.

అంతకన్నా ప్రమాదం, ఎర్రర్ ఇవ్వకుండా తప్పు చేసేవి. కౌంటర్లో కుర్రాడు షాపు పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కొట్టినా చిన్నక్షరాల్లో కొట్టినా, ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు సెట్టింగ్‌లో అది ఒకే షాపు. పోస్ట్‌గ్రెస్‌కి రెండు షాపులు. బాకీ రెండు ఖాతాల్లో చీలిపోయి, లిమిట్ దాటిన షాపుకీ సరుకు వెళ్లిపోతుంది. పేర్ల కాలమ్‌లకి పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడని ‘సైటెక్స్ట్’ రకం వాడమను. బిల్లు నంబరు పోస్ట్‌గ్రెస్ తనంతట తాను నంబర్లిచ్చే సీక్వెన్స్‌తో ఇవ్వొద్దు. మధ్యలో ఆగిన బిల్లు నంబరు పోయినట్టే, జీఎస్టీ నిబంధన 46 ప్రకారం నంబర్లు వరుసగా ఉండాలి. అదే పని చేసే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఐడెంటిటీ కూడా తక్కువ తినలేదు, కరెంటు పోయి సర్వర్ లేస్తే వెయ్యి నంబర్ల దాకా దూకొచ్చు. రెండింట్లోనూ ఒకటే మందు: చివరి నంబరు ఒక టేబుల్లో ఉంచి, బిల్లు సేవయ్యే ట్రాన్సాక్షన్‌లోనే (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదనే ఒకే విడతలో) పెంచడం.

పోస్ట్‌గ్రెస్ సెట్టింగుల్లో షేర్డ్ బఫర్స్, అంటే డేటాకి కేటాయించే మెమరీ, మొదట 128 ఎంబీ ఉంటుంది, 32 జీబీ ర్యామ్ ఉంటే 8 జీబీ చెయ్యి. పాత వరుసలు ఊడ్చే ఆటోవాక్యూమ్ ఆపనివ్వకు. ఏదో కౌంటర్లో ట్రాన్సాక్షన్ తెరిచి భోజనానికి వెళ్తే పాత వరుసలు శుభ్రం కాక టేబుళ్లు ఉబ్బుతాయి. పనిలేకుండా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌కి పది నిమిషాల గడువు పెట్టు.

బ్యాకప్ దగ్గర ఉచితమైనదీ కొన్నదీ ఒకటే. 2017లో ప్రోగ్రామర్ల కోడ్ దాచే గిట్‌ల్యాబ్ కంపెనీ డేటా పొరపాటున చెరిగినప్పుడు, రోజూ తీస్తున్నామనుకున్న డంప్ (బ్యాకప్ ఫైలు) అసలు రావడమే లేదని తేలింది. పోస్ట్‌గ్రెస్ సర్వర్ 9.6 వెర్షన్, డంప్ ప్రోగ్రాం 9.2, రెండూ పొసగలేదు. ఫెయిలయ్యిందన్న మెయిల్ కూడా ఎవరికీ చేరలేదు. నెలకోసారి బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చివరి బిల్లు నంబరు చూడు, ఎన్ని నిమిషాలు పట్టిందో గోడ మీద రాయించు. ఎక్స్‌ప్రెస్‌లో వేళకి పనులు నడిపే ఏజెంట్ ఉండదు, కాబట్టి రాత్రి బ్యాకప్‌ని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకోవాలి.

మారితే మార్చిలో మాత్రం వద్దు. కనీసం ఒక నెలాఖరు దాకా రెండూ పక్కపక్కనే నడిపి, స్టాకు విలువ, షాపులవారీ బాకీ, జీఎస్టీ మొత్తం పైసాతో సహా కలిశాకే పాతది ఆపు.

ఆ టేబుళ్ల రిపోర్టు ఫొటో, ప్రొసీజర్ల సంఖ్య ఆదివారంలోగా పంపు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య