మేస్త్రి బిడ్డ ఆర్కిటెక్ట్ అయితే మన దగ్గర పని దొరుకుతుందా?

ప్రశ్న: మాది పరకాల. ఇరవై ఏండ్ల సంది మేస్త్రి పని చేస్తున్న. నా బిడ్డ హన్మకొండల ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. బీటెక్ వద్దు, ఆర్కిటెక్చర్ చదువుత, మన ఎండకు, మన నేలకు తగ్గట్టు ఇండ్లు, బడులు, దవాఖానలు గీస్త బాపూ అంటాంది. ఇక్కడ ఇల్లు కట్టుకునేటోళ్లు ఫోన్ల ఎలివేషన్ బొమ్మ చూపెట్టి గిట్లనే కట్టు అంటరు. ప్లాన్ గీసేటాయనకు పైసలిచ్చేకాడ బేరమాడుతరు. ఇగ ఆర్కిటెక్టుకు ఎవలిస్తరు? సివిల్ చదివిస్తే నయం కాదా? ఆడపిల్ల, రేపు సైటు మీద మేస్త్రీలతోని ఎట్ల నెగ్గుతది?

జవాబు: మేస్త్రి గారూ, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. మీ సైటు మీద తట్టలు మోసేది, ఇటుకలు అందించేది, గోడలకు నీళ్లు పట్టేది ఎక్కువగా ఆడవాళ్లే కదా. వాళ్లు ఎండలో ఎట్లా నెగ్గుతారని ఎవరూ అడగలేదు. చేతిలో డ్రాయింగు పట్టుకుని వచ్చే ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికే మనకు ఈ అనుమానం. మొదట్లో ‘మేడమ్‌కేం తెలుసు’ అనే మాటలు పడాల్సి వస్తుంది, రాదని అనను. కానీ తూకం గుండు పట్టి గోడ వంకర చూడగలిగితే, కాంక్రీటులో నీళ్లెక్కువైతే కంటితోనే కనిపెట్టగలిగితే ఆ మాటలు ఎన్నాళ్లో ఉండవు. అవి నేర్పే మనిషి ఆమెకు ఇంట్లోనే ఉన్నాడు.

ఇక సివిలా, ఆర్కిటెక్చరా అన్నది. పునాది ఎంత లోతు, పిల్లరు ఎంత మందం, ఎన్ని ఎంఎం రాడ్డు అన్నది సివిల్ ఇంజినీరు లెక్క. గది ఏ దిక్కున ఉండాలి, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలి, మనిషి ఎక్కడ కూర్చుంటాడు, ఎండ ఎక్కడ ఆగాలి అన్నది ఆర్కిటెక్ట్ పని. సివిల్ మంచి చదువే. సర్కారు ఇంజినీరు పోస్టులు కూడా దానికే ఎక్కువ. మీ బిడ్డకు లెక్కలంటే ఇష్టమై, బొమ్మ గీయమంటే విసుగైతే మాత్రం సివిలే చదివించండి. కానీ ‘మన ఎండకు, మన నేలకు తగ్గట్టు’ అన్నదంటే ఆమె అడుగుతున్నది రెండో రకం పని.

ఆ పని ఎట్లా ఉంటుందో ఒక్క గదితో చెప్తాను. యజమాని పడకగది నైరుతిలో ఉండాలని అందరూ అడుగుతారు, మీరూ అట్లాగే కడతారు. నైరుతి గదికి ఒక పక్క పడమటి గోడ. పడమటి ఎండ మూడు, నాలుగు గంటలు దాటాక ఏటవాలుగా వచ్చి సజ్జ కింది నుంచి దూరుతుంది. అడుగున్నర సజ్జ కాదు, మూడడుగులది వేసినా ఆగదు. అంటే ఇల్లు కట్టుకున్న మనిషి ఇంట్లో అన్నిటికన్నా వేడి గదిలో పడుకుంటున్నాడు. ఏసీ మొదట ఆ గదికే ఎందుకు వస్తుందో చూడండి.

వాస్తు వద్దంటే ఆ పని ఇంకొకరికి పోతుంది. కాబట్టి పని తెలిసిన ఆర్కిటెక్ట్ గదిని నైరుతిలోనే ఉంచి, పడమటి గోడ పొడవునా బీరువాలు, అటకలు పెట్టిస్తుంది, కిటికీని దక్షిణం గోడకు జరుపుతుంది, బయట ఒక వేపచెట్టుకో కానుగ చెట్టుకో జాగా వదిలిస్తుంది. గోడను ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టమంటుంది. అంటే ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ వదిలి కట్టడం. ఆ ఖాళీలో నిలిచిన గాలి వేడిని లోపలికి అంత తొందరగా రానివ్వదు. ఇటుక నాలుగో వంతు దాకా మిగులుతుంది కూడా. లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ కేరళలో దశాబ్దాల పాటు ఇట్లాంటి గోడలు కట్టించి చూపించాడు. మెలిక ఒకటుంది. ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉంటేనే ఇది కుదురుతుంది. మన బట్టీ ఇటుక ఒక్కోటి ఒక్కో సైజు. రామగుండం ఎన్టీపీసీ పక్కనే ఉండటంతో మనకు ఫ్లైయాష్ ఇటుక, అంటే బొగ్గు బూడిదతో చేసేది, దొరుకుతుంది, కొలత సమంగా వస్తుంది. ఈ సంగతి ఆమె పుస్తకంలో కంటే మీ దగ్గరే బాగా నేర్చుకుంటుంది.

గోడ కంటే పెద్ద కథ స్లాబుది. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే మే రెండో వారంలో, మళ్లీ జూలై నెలాఖరులో మిట్టమధ్యాహ్నం పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. అంటే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎండంతా స్లాబు మీదే పడుతుంది. పొద్దంతా తాగిన వేడిని స్లాబు రాత్రి గదిలోకి వదులుతుంది. పదకొండు గంటలకు కూడా ఫ్యాను వేడిగాలి కొట్టేది అందుకే. మన పాత భవంతి ఇళ్లలో నడుమ ఆకాశం కనిపించే జాగా, మందపాటి మట్టిగోడలు, ఎత్తు కప్పు మీద గూన పెంకులు ఉండేవి. వేడి పైకి పోయేది. ఇప్పుడు మళ్లీ పెంకుటిల్లు కట్టండి అంటే ఎవరూ కట్టరు, కోతుల బాధ ఒకటి. కానీ స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయొచ్చు, మెట్ల గది పైన గాలి పోయే సందు వదలొచ్చు. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాల పైబడిన స్థలాల్లో కట్టే ఇళ్లకూ అది తప్పనిసరి అన్నారు. ఇప్పుడు కడుతున్న వాటిలో ఎన్నింటికి వేశారో మీకే బాగా తెలుస్తుంది.

నేల సంగతి మీకు నేను చెప్పేదేముంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది, దాని మీద తేలిక పునాది వేస్తే రెండో ఏడాదికే గోడ మీద ఏటవాలు చీలిక. మీరు మొరం పోసి దిమ్మిస కొట్టిస్తారు. రామప్ప గుడిని 1213లో కట్టినవాళ్లు పునాది కింద ఇసుక పరుపు వేశారు, పైన గోపురానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. ఆ గుడి ఉన్న పాలంపేట మీకు దూరమేం కాదు. బిడ్డను తీసుకెళ్లండి. అందరూ నాగిని బొమ్మల దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తారు, ఆమెను మాత్రం పైన బరువెందుకు తగ్గించారు, పక్కనే చెరువెందుకు తవ్వారు అని అడిగి గీయమనండి. హన్మకొండలోనే ఉంటుంది కాబట్టి వేయిస్తంభాల గుడికి నడిచే పోవచ్చు. అక్కడి కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి, నెంబర్లేసి, ఏళ్ల తరబడి పని చేసి తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. పాత కట్టడాలను కాపాడటం కూడా ఈ చదువులో ఒక దారే. దానికి పీజీ వేరే చేయాలి.

నీటి సంగతి చాలామంది ఆర్కిటెక్టులకే పట్టదు. మనది కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్విన నేల. ఒక చెరువు అలుగు పోస్తే నీళ్లు కింది చెరువుకు పోవాలి. ఆ దారిలో, శిఖం భూమిలో (చెరువు నిండితే మునిగే నేలలో) ప్లాట్లు వేసి ఇళ్లు కట్టాక 2020 ఆగస్టులో హన్మకొండ నయీంనగర్ నాలా పక్క కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. 2023 జూలైలో మీకు దగ్గరి మోరంచపల్లిలో వాగు పొంగి ఊరే మునిగింది. ప్లాటు చూడగానే ‘ఈ నీళ్లు ఎటు పోతాయి’ అని అడిగే ఆర్కిటెక్ట్ మన జిల్లాలకు ఇప్పుడు అక్కరకొచ్చే మనిషి.

బడులు, దవాఖానలు అన్నది కదా, దాని గురించి కూడా చెప్పాలి. సర్కారు కట్టే వాటికి టైప్ డిజైన్ అని ఒకటుంటుంది. ఒకసారి గీస్తారు, అన్ని చోట్లా అదే కడతారు. ఖర్చు అంచనాకు సులువు, టెండరుకు సులువు. కానీ ఆదిలాబాద్‌లో డిసెంబర్ చలి సింగిల్ డిజిట్‌కు దిగుతుంది, మేలో 45 డిగ్రీలు దాటుతుంది. ఖమ్మంలో అంత చలి ఉండదు. రెండు చోట్లా ఒకే కిటికీ, ఒకే వరండా ఎట్లా సరిపోతుంది? ఉట్నూరు వైపు గోండు గూడేల్లో వెదురు తడకకు మట్టి మెత్తి గోడలు కట్టుకునేవాళ్లు. ఆ ఊళ్లో కట్టే ఆశ్రమ పాఠశాల వాటిని చూసి ఒక్క మాటైనా నేర్చుకోవాలి కదా. ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా 1960ల్లోనే హైదరాబాద్ ఈసీఐఎల్ ఆఫీసును ఎండకు అడ్డంగా పైన పందిరి వేసి, నీడలో ఉండేట్టు గీశాడు. హైటెక్ సిటీ దగ్గరి గ్రీన్ బిజినెస్ సెంటర్ 2004 నాటిది. నడుమ ఖాళీ ఆవరణ, జాలీ గోడలు, గాలి బురుజులు. రెండూ పాత ఉపాయాలే, కొత్త లెక్కలతో. మన కరీంనగర్, హన్మకొండ మెయిన్ రోడ్ల మీదేమో పడమటి ముఖానికి పూర్తిగా అద్దం బిగించి, లోపల ఏసీ బిల్లు కట్టుకుంటున్నారు.

ఇప్పుడు డబ్బుల సంగతి. మీ భయం సరైనదే. మన ఊళ్లలో 150, 200 గజాల్లో ఇల్లు కట్టేవాళ్లు ఆర్కిటెక్టును వెతుక్కుంటూ రారు. చట్టం కూడా వాళ్లను అంతగా నెట్టదు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి ఆన్‌లైన్‌లో స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వచ్చేస్తుంది. చదువయ్యాక మొదటి రెండు మూడేళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఎవరి ఆఫీసులోనైనా పని నేర్చుకోవాలి. జీతం తోటి బీటెక్ కంప్యూటర్స్ పిల్లల కంటే తక్కువే ఉంటుంది, సైట్ల మీద తిరుగుడు మాత్రం ఎక్కువ. ఇది ముందే తెలిసి దిగితే మంచిది. తర్వాత తిరిగొస్తే పని ఎక్కడుంది? ప్రైవేటు స్కూళ్లు, నర్సింగ్ హోములు, ఫంక్షన్ హాళ్లు, అపార్టుమెంట్లు. వాళ్లకు కరెంటు బిల్లు, పార్కింగు, ఫైర్ అనుమతి అన్నీ డబ్బుల లెక్కలే కాబట్టి డిజైన్‌కు డబ్బిస్తారు. చిన్న ఇళ్లకు నా సలహా వేరు. డ్రాయింగు ఫీజు విడిగా అడిగితే ఇవ్వని మనిషి, డిజైనూ కట్టడమూ కలిపి ఒక రేటు చెప్తే ఇస్తాడు. మీ ముఠా, ఆమె డ్రాయింగు. హన్మకొండలో ఆఫీసు తెరిచే ఎంతోమంది ఆర్కిటెక్టులకు నమ్మకమైన మేస్త్రి దొరకడమే పెద్ద సమస్య. ఆమెకు ఆ బాధ లేదు.

సీటు విషయానికొస్తే, ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్ అయిదేళ్లు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, ఆమెకు ఉన్నాయి. మనకు పక్కనే ఎన్‌ఐటీ ఉంది కదా అనుకోకండి, వరంగల్‌లో ఈ కోర్సు లేదు. కాజీపేటలో రైలెక్కితే నేరుగా వెళ్లే నాగపూర్ వీఎన్‌ఐటీలో ఉంది. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ఈ రెండింటికీ జేఈఈ మెయిన్ పేపర్ 2ఎ రాయాలి. 400 మార్కుల్లో మ్యాథ్స్‌కు 100, ఆప్టిట్యూడ్‌కు 200, చేత్తో గీసే డ్రాయింగుకు 100. హైదరాబాద్ మాసాబ్ ట్యాంకులోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూకీ, రాష్ట్రంలోని మిగతా కాలేజీలకూ రాష్ట్ర కౌన్సెలింగ్ ఉంటుంది. అందులో నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష స్కోరు, ఇంటర్ మార్కులు చూస్తారు. నాటా 200 మార్కులకు.

ఏ కాలేజీలో చేర్చినా ముందు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ జాబితాలో దాని పేరుందో లేదో చూడండి. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం ఆ కౌన్సిల్‌లో రిజిస్టరైతేనే పేరు ముందు ఆర్కిటెక్ట్ అని రాసుకోవాలి, దానికి గుర్తింపున్న డిగ్రీ కావాలి. మేనేజ్‌మెంట్ కోటాలో అప్పు చేసి మామూలు కాలేజీలో చేర్చడానికి మాత్రం నేను ఒప్పుకోను. అంతకంటే ఏడాది ఆగి మళ్లీ నాటా రాయడం మేలు, లేదా సివిల్‌లో మంచి సీటొస్తే అదే మేలు. ఫీజు రీయింబర్స్‌మెంటు ఎంత వస్తుందో కాలేజీ వారీగా కనుక్కోండి. ఫీజు కాక షీట్లు, మోడళ్లు, మంచి ల్యాప్‌టాప్, సైట్ విజిట్ల ఖర్చు అయిదేళ్లూ ఉంటుంది. బ్రోచర్లలో అది రాయరు.

బిడ్డ ఇష్టం నిజమైనదో ఫోటోలు చూసి పుట్టిందో తేలాలంటే ఒక పని చెప్పండి. మీరున్న ఇంటినీ, మీ బంధువుల్లో ఎవరిదైనా మిగిలిన పెంకుటింటినీ టేపుతో కొలిచి కాగితం మీద గీయమనండి. రెండింటిలోనూ మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి పదింటికీ థర్మామీటరు పెట్టి రాయమనండి. తేడా ఎందుకొచ్చిందో మీకు వివరించమనండి. వివరించేటప్పుడు మీరు అడ్డు ప్రశ్నలు వేయండి, కాలేజీలో జ్యూరీ, అంటే డ్రాయింగులు చూసి మార్కులేసేవాళ్లు, చేసేది అదే. వారం తిరగకముందే విసుగొస్తే సివిల్ గురించి మాట్లాడుకోవచ్చు.

జేఈఈ జనవరి సెషన్‌కు ఆమె బీటెక్ కోసం రాసే పేపర్ 1 ఒక్కటే పెట్టి ఉంటే కంగారు లేదు. ఏప్రిల్ సెషన్ దరఖాస్తు తెరిచినప్పుడు పేపర్ 2ఎ కూడా ఎంచుకోవచ్చు. దానికి ఫీజు అదనంగా కట్టాలి. ఆ తేదీ దాటిపోకుండా చూసుకోండి.