సర్జరీ మానవద్దు, రాత్రి పిలుపులు పంచుకోండి

అమ్మా, అమలాపురంలో జనరల్ సర్జన్‌గా ఉంటూ, మూడేళ్ల పాపను అత్తగారికి అప్పగించి అర్ధరాత్రి పిలుపులకు పరుగెత్తలేక, వృత్తి మానేయాలా అని అడిగారు. మానవద్దని నా మనవి. ఎం.బి.బి.ఎస్. అయిదున్నరేళ్లు, ఎం.ఎస్. 3 ఏళ్లు శ్రమించి నేర్చిన విద్య అది. మిమ్మల్ని కుంగదీస్తున్నది ఆపరేషన్లు కావు, ప్రతి రాత్రీ మీరొక్కరే సిద్ధంగా ఉండవలసి రావడం. కనుక మరో సర్జన్‌తో రాత్రులు వంతులు వేసుకుని, హెర్నియా, పిత్తాశయం వంటి ముందే నిర్ణయించుకోగల ఆపరేషన్లను ఉదయానికే ఉంచుకోండి.

సంక్రాంతి మూడు రోజులూ మన వైపు కోడికత్తి గాయాలు వస్తూనే ఉంటాయి కాబట్టి, ఆ వంతును నెల ముందే తేల్చుకోవాలి. నేను అలా తేల్చుకోని ఏడాది, భోగి నాటి రాత్రి ఒకరి పిక్కలో దిగిన గాటుకు కుట్లు వేసి ఇంటికి చేరేసరికి, మా అమ్మాయి పట్టు పరికిణీతోనే గుమ్మం దగ్గర నిద్రపోయి ఉంది. భోగిపళ్లు పోసినప్పటి రేగిపండొకటి ఇంకా జుట్టులోనే చిక్కుకుని ఉంది. మరునాడే తోటి సర్జన్‌తో మాట్లాడాను.

ఎం.ఎస్. తర్వాత సర్జరీలో ఒక ప్రత్యేక విభాగం నేర్పే ఎం.సిహెచ్. మరో 3 ఏళ్ల చదువు; పాప బడిలో కుదురుకున్నాక చూడవచ్చు. అత్తగారికి మాత్రం వారానికొక రోజు పూర్తి విశ్రాంతి ఈ వారం నుంచే ఇవ్వండి.