పొలంలో ఆడపని, మగపని అని విడదీసింది ఒంటి బలమేనా?

ఆడవాళ్లకు నాట్లు, కలుపు; మగవాళ్లకు దుక్కి, మందు కొట్టడం. ఇలా విడిపోవడం శరీర బలాన్ని బట్టేనా, ఇప్పుడేమైనా మారుతోందా అని అడిగారు. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరు పద్మనాభం మండలంలో. అక్కడ సేద్యం చేసేది మా అమ్మ.

బలం సంగతి నేను ఒప్పుకోను. ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు, అమ్మావాళ్లు తెల్లారకుండానే ఆకుమడిలో (నారుమడిలో) దిగి ఆకు తీస్తారు. ఆ తర్వాత పొద్దు వాలేదాకా బురదలో నడుం వంచి, వెనక్కి జరుగుతూ ఊడుస్తూనే ఉంటారు. అది తేలిక పనా? అయినా కూలి దగ్గరికొచ్చేసరికి గట్లు వేసినాయనకు ఎక్కువ, ఊడ్చినావిడకు తక్కువ. ఒకే రకం పనికి ఆడామగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. కానీ పనులే వేరుగా పెడితే 'ఇది వేరే పని కదా' అనేయొచ్చు. పనుల విభజన వల్ల అసలు లాభం అక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఉపాధి హామీ పనికి మా ఊరి ఆడవాళ్లు అంత ఇష్టంగా వెళ్లేది కూడా అందుకే, అక్కడ ఇద్దరికీ ఒకే లెక్క.

ఇంకోటి చూడండి. ఎడ్లు, నాగలి మగవాళ్ల చేతిలో ఉండేవి, తర్వాత ట్రాక్టరూ వాళ్లకే వెళ్లింది. వరి కోతలో ఆడవాళ్లకు బాగా పని దొరికేది. కోత మిషను వచ్చాక ఆ పని పోయింది, సీట్లో కూర్చున్నది మళ్లీ మగవాడే. స్టీరింగు తిప్పడానికి ఏం బలం కావాలి?

మన్యంలో, కొండ మీద అడవి కొట్టి చేసే పోడు సేద్యం తీరు వేరు. నిటారు కొండవాలు మీద నాగలి సాగదు. చెట్లు కొట్టడం మగవాళ్లు చేసినా, తవ్వి చోళ్లు (రాగులు), సామలు చల్లడం దగ్గర్నుంచి కలుపు, కోత దాకా ఎక్కువగా ఆడవాళ్లే. సంతకు మోసుకొచ్చి బేరమాడేదీ వాళ్లే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్లకు ఆ భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. పల్లంలో మా పాసుపుస్తకాల్లో అలా ఎక్కడుంది? ఆడపిల్లలకు పిత్రార్జితంలో వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం సవరించింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఊళ్లో మాత్రం 'కట్నం ఇచ్చాం కదా' అని సంతకం పెట్టించుకుంటారు. 2015-16 వ్యవసాయ గణన నాటికి దేశంలో ఆడవాళ్ల చేతిలో ఉన్న కమతాలు 14 శాతమే.

ఇది మన దేశం సంగతే కాదు. వర్ధమాన దేశాల్లో వ్యవసాయ శ్రామికుల్లో దాదాపు 43 శాతం ఆడవాళ్లేనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో చెప్పింది. మగవాళ్లకు అందే పెట్టుబడి, విత్తనం, ఎరువు వాళ్లకూ అందితే వాళ్ల పొలాల్లో దిగుబడి 20 నుంచి 30 శాతం పెరగొచ్చని కూడా అంది.

మా నాన్న గాజువాకలో కాంట్రాక్టు పని చేస్తారు, ఆదివారాలే ఇంటికొస్తారు. ఏ విత్తనం వేయాలి, నీళ్ల వంతు ఎప్పుడు, పంట ఎవరికి అమ్మాలి, అన్నీ అమ్మే చూసుకుంటుంది. పంట నష్టం రాసుకోవడానికి వచ్చినాయన మాత్రం గట్టు మీద నిలబడి 'మీ ఆయన్ని రమ్మనమ్మా' అన్నాడు. అప్పుకి వెళ్తే అక్కడా అదే మాట. ఎందుకంటే కాగితాల్లో పేరు నాన్నది. నాకు చాలా కోపమొచ్చింది. నాన్నతో మాట్లాడి, కొంత భూమి దాన సెటిల్మెంటు కింద, అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చేసినట్టు రిజిస్టరు చేసి, అమ్మ పేరున రాయించాం. ఇప్పుడు పంట రుణం ఆవిడ పేరునే వస్తోంది, ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-క్రాప్‌లోనూ ఆవిడ పేరే.

మీ ఇంట్లోనూ సేద్యం అమ్మే చేస్తుంటే, ముందు 1బిలో, అంటే భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డులో, ఎవరి పేరుందో చూడండి. కుటుంబ సభ్యుల మధ్య దాన సెటిల్మెంటుకు స్టాంపు డ్యూటీ మామూలు అమ్మకం కంటే తక్కువే పడుతుంది.