మెదడులో చిగురించేవి నరాలా, రక్తనాళాలా?

సందేహం: ‘స్ట్రోక్ తర్వాత మెదడులో కొత్త నరాలు పుడతాయి’ అని ఒక వ్యాసంలో చదివాను. నరాలు కాదు, రక్తనాళాలని మా అమ్మాయి అంటోంది. ఏది సరైంది? స్ట్రోక్, పక్షవాతం ఒకటేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీ అమ్మాయి మాటే సరైందండి. చిక్కంతా ‘నరం’ దగ్గరే ఉంది. సెలైన్ పెట్టేటప్పుడు ‘నరం దొరకలేదు’ అంటే అది సిర. ‘మెదడులో నరం చిట్లింది’ అంటే చాలాసార్లు ధమని. ‘నరాల డాక్టరు’ అన్నప్పుడు మాత్రం కబుర్లు మోసే నాడి. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు సందర్భమే అర్థం చెప్పేస్తుంది. వ్యాసంలో ఆ ఆసరా ఉండదు కాబట్టి రక్తనాళం, నాడీకణం అని విడదీసి రాయాలి. ఉత్త ‘నాడి’ అని రాస్తే డాక్టరు చెయ్యి పట్టుకుని చూసే నాడి గుర్తొస్తుంది.

‘పుడతాయి’ అన్న క్రియ కూడా నాకు నచ్చలేదు. ఈ నాళాలు శూన్యంలోంచి రావు. స్ట్రోక్ అంటే మెదడులోని రక్తనాళం రక్తపు గడ్డ అడ్డుపడి మూసుకుపోవడమో, చిట్లడమో. అలా రక్తం అందని చోట ఆక్సిజన్ తగ్గుతుంది. అక్కడి కణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. దాంతో పక్కనున్న నాళాల లోపొర కణాలు విభజన చెంది, ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉన్న వైపు సాగి గొట్టాలవుతాయి. అరటిచెట్టు పిలక వేసినట్టే! అందుకని ‘చిగురిస్తాయి’, ‘పిలకలు వేస్తాయి’ అనడమే నిజానికి దగ్గర. ఇది కొన్ని రోజులు, వారాలపాటు సాగుతుంది. లేత నాళాల గోడలు మొదట్లో గట్టిగా ఉండవు, ద్రవం బయటికి ఊరి వాపు పెరగవచ్చు.

చచ్చిన నాడీకణాలు తిరిగి రావు. చుట్టుపక్కల బతికినవి కొత్త లంకెలు వేసుకుని, సాధన చేయిస్తే, పోయిన పనిని కొంత అందుకుంటాయి. కనుక ‘నయమైంది’ కంటే ‘కోలుకుంటున్నారు’ అన్న మాటే ఇక్కడ అతుకుతుంది.

పక్షం అంటే పక్క. కాబట్టి ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోవడమే పక్షవాతం. అది లక్షణం, స్ట్రోక్ దానికి ఒక కారణం. మాట తడబడటం, చూపు హఠాత్తుగా తగ్గడం, నిలబడితే తూలిపోవడం మాత్రమే ఉండే స్ట్రోకులూ ఉన్నాయి. రెండూ ఒకటేననుకుంటే ‘కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి కదా’ అని తెల్లారేదాకా ఆగిపోతారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే.

అన్నట్టు, ఆ ‘గడ్డ’నూ ఒంటరిగా వాడకండి. ‘మెదడులో గడ్డ’ అంటే చదివేవారు కణితి అనుకుంటారు.