విదేశంలో ఉన్నవాళ్ళు సొంతూరికి విపత్తు సాయంగా ఏం పంపితే మంచిది? బట్టలా, సరుకులా, డబ్బా?

పాత బట్టలు మాత్రం పంపకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

2010లో నేను బ్రూక్లిన్‌లో ఎమ్మెస్ చదువుతూ, అద్దె తక్కువని ఫ్లాట్‌బుష్‌లో ఓ హైతీ కుటుంబం ఇంట్లో కింద గదిలో ఉండేవాణ్ణి. జనవరి 12 సాయంత్రం ఐదు కావస్తుండగా హైతీలో భూకంపం. ఆ రాత్రంతా నెత్తి మీద ఇంటావిడ అడుగుల చప్పుడే. కాలింగ్ కార్డులు గీకీ గీకీ అలిసిపోయింది గానీ ఒక్క లైనూ కలవలేదు.

మర్నాడు ఆవిడ వెంట, ఓ చర్చి కింద నడిచే వాళ్ళ కమ్యూనిటీ సెంటర్‌కి వెళ్ళాను. రెండు రోజుల్లోనే బట్టల మూటలు కప్పుకి తగిలాయి. వాటిని ఏరే పని నాకిచ్చారు. ఏడాది పొడుగునా ఉక్కపోసే దేశానికి ఉన్ని కోట్లు! ఒంటికాలి హైహీలు! 96 కోనసీమ తుపానప్పుడు నాకు పదేళ్ళు. మా ఊరికి లారీలో వచ్చిన మూటల్లోంచి మా అమ్మమ్మకి దక్కింది ఓ మగవాళ్ళ స్వెట్టరు. ఆవిడ దాన్ని కుండ కింద చుట్టకుదురు చేసుకుంది.

హైతీవాళ్ళు మామూలు రోజుల్లోనే ఇంటికి డ్రమ్ములు పంపుతారు. నడుమెత్తు ప్లాస్టిక్ డ్రమ్ము. అడుగున బియ్యం బస్తా, మీద నూనె డబ్బాలు, చిక్కుడు గింజలు, సందుల్లో సబ్బులు, టూత్‌పేస్టులు. మూత పడకపోతే పిల్లాణ్ణి ఎక్కించి తొక్కిస్తారు. ఆ బియ్యం మాత్రం అమెరికావి. వాళ్ళ ఆర్తిబోనిత్ లోయలో వరి పండదా అంటే, పండుతుంది. 1995లో దిగుమతి సుంకం 3 శాతానికి దించేసరికి, సబ్సిడీ బియ్యంతో పోటీపడలేక అక్కడి రైతు చితికిపోయాడు. తప్పు చేశామని, అప్పట్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న క్లింటనే 2010 మార్చిలో సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. డెల్టావాణ్ణి కదా, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సరే, అసలు సాయం జరిగింది డ్రమ్ముల దగ్గర కాదు, మూలనున్న మడతబల్ల దగ్గర. జనవరి 15న అమెరికా హైతీవాళ్ళకి టీపీఎస్, అంటే తాత్కాలిక రక్షణ హోదా, ప్రకటించింది. 12వ తారీఖుకే ఇక్కడున్న హైతీవాళ్ళు, కాగితాలు లేకపోయినా, పద్దెనిమిది నెలలు ఉండి పని చేసుకోవచ్చన్నారు. ఆనాటికి ఇక్కడే ఉన్నట్టు రుజువు కూడా చూపాలి. చాటుగా బతికేవాళ్ళ పేరున కరెంటు బిల్లెక్కడుంటుంది? నాకు టైపింగ్ వచ్చని బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎవరో పెద్దమనిషి ఫ్రెంచి దుబాసీని పంపాడు. వచ్చినవాళ్ళలో చాలామందికి వచ్చింది వాళ్ళ ఇంటి భాష, క్రియోల్. మా ఊరి రైతుకి హిందీ దుబాసీని పెట్టినట్టుంది.

ఒకావిడ, అరవై దాటుంటాయి, ముసలివాళ్ళని కనిపెట్టుకునే పని చేసేది. ప్లాస్టిక్ కవరు బల్ల మీద బోర్లించింది. అద్దె రసీదు లేదు, బ్యాంకు కాగితం లేదు. అన్నీ అయిపోయాక అడుగున నలిగిన పసుపు కాగితం ఒకటి: 2009 డిసెంబర్‌లో, క్రిస్మస్‌కి ఇంటికి పంపిన డ్రమ్ము రసీదు. పేరు, ఫ్లాట్‌బుష్ అడ్రసు, తారీఖు, అన్నీ ఉన్నాయి. సెంటర్ పెద్దాయన దాన్ని తనే తీసుకెళ్ళి మూడు కాపీలు జెరాక్స్ తీయించాడు. ఆ డ్రమ్ము చేరిన ఇల్లు అప్పటికే కూలిపోయింది.

ఎండాకాలంలో ఆవిడ వర్క్ పర్మిట్ కార్డు తెచ్చి చూపించింది. "సాక్ పసే?" అన్నాను, నాకొచ్చిన ఒకే ఒక్క ముక్క. "నాప్ బులే" అంది. ఎలా ఉన్నారంటే "మండుతున్నాం" అంటారు వాళ్ళు, బాగున్నామని.

నా లెక్కలో ఒక వర్క్ పర్మిట్ వంద డ్రమ్ముల పెట్టు. లెక్క ఎలా కట్టావని అడక్కండి. పని దొరికిన మనిషి నెలనెలా ఇంటికి డబ్బు పంపుతూనే ఉంటుంది. అందులోనూ 2011 నుంచి హైతీ ప్రభుత్వం బదిలీకి డాలరున్నర చొప్పున గుంజడం మొదలెట్టింది, అది వేరే ఏడుపు. మన సంఘాలవాళ్ళేమో తలుపంత అట్టముక్క చెక్కు చేయించి ఫొటోలు దిగుతారు. ఆ అట్టముక్కకయ్యే డబ్బుతో ఒకరి దరఖాస్తు ఫీజులో కొంతయినా కట్టొచ్చు.

అన్నట్టు, ఆ ఉన్ని కోట్లు ఎక్కడికీ పోలేదు. మార్చి దాకా అక్కడే పడున్నాయి. భూకంపం తర్వాత చుట్టాల ఇళ్ళకి వచ్చిపడ్డ హైతీవాళ్ళు చలికి వణుకుతూ సెంటర్‌కొచ్చి, తలా ఒకటి తొడుక్కుపోయారు.