మోకాలి గుజ్జుకు మూలకణాలు, నానోఫైబర్ పొర: డబ్బు కట్టే ముందు తెలుసుకోవలసినవి

ప్రశ్న: మాది వరంగల్ కొత్తవాడ. మా బాపుకు 63 ఏళ్లు. నలభై ఏళ్లు గుంట మగ్గం మీద జంపఖానాలు నేశాడు. రెండు మోకాళ్లలో గుజ్జు పూర్తిగా అరిగిందని, నాలుగో దశ అని, మార్పిడి ఆపరేషన్ చేయించాలని ఇక్కడి డాక్టర్ చెప్పారు. బాపుకు ఆపరేషన్ అంటే భయం. ఫోన్‌లో ఒక ప్రకటన చూసి అడిగితే, తుంటి ఎముక మజ్జలోంచి స్టెమ్‌సెల్స్ తీసి నానోఫైబర్ పొరతో కలిపి పెడితే కొత్త గుజ్జు పుడుతుందని, ఒక్కో మోకాలికి లక్షా అరవై వేలు అవుతుందని చెప్పారు. ఇది నమ్మదగినదేనా?

జవాబు: ముందు మీకు కావలసిన మాట చెప్పి, తర్వాత కారణాలు వివరిస్తాను. ఆ డబ్బు కట్టవద్దు. నానోఫైబర్ పొరలు, మూలకణాలు (స్టెమ్‌సెల్స్) కల్పన కాదు. మంచి ప్రయోగశాలల్లో ఎందరో వాటి మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. కానీ ఆ పరిశోధన ఇప్పటికి ఎంతవరకు వచ్చిందో, మీ నాన్నగారి మోకాలికి వచ్చిన కష్టం ఏమిటో పక్కపక్కన పెట్టి చూస్తే, మీకు అమ్మజూపుతున్నది ఆ రెండింటిలో దేనికీ చెందదని తెలుస్తుంది.

మూలకణం అంటే ఇంకా ఒక పనికి కుదురుకోని కణం. ఎముక మజ్జలో దొరికే ఒక రకం మూలకణాలు పరిస్థితిని బట్టి ఎముకగానో, కొవ్వుగానో, గుజ్జుగానో మారగలవు. అయితే వాటిని ఊరికే ద్రవంలో వదిలితే నిలవవు; పట్టుకొని పెరగడానికి ఆధారం ఉండాలి. ఆ ఆధారాన్నే స్కాఫోల్డ్ అంటారు. గోడ లేచేదాకా ఉంచి, లేచాక విప్పేసే మేస్త్రీల పరంజా వంటిదే అది.

అలాంటి ఆధారమే నానోఫైబర్ పొర. అది తయారయ్యే తీరు చెబితే మీ నాన్నగారికి మనకంటే త్వరగా అర్థమవుతుంది. ఒక సిరంజిలో జిలాటిన్‌నో, శరీరంలో మెల్లగా కరిగే పాలీకాప్రోలాక్టోన్ వంటి పాలిమర్‌నో ద్రావణంగా పోసి, సూది మొనకు 10 వేల నుంచి 30 వేల వోల్టుల విద్యుత్తు ఇస్తారు. ఎదురుగా జానెడు దూరంలో లోహపు పలక ఉంటుంది. సూది మొన దగ్గర నిలిచిన బొట్టు శంకువులా సాగి, దాని కొనలోంచి ఒక ధార బయలుదేరి, గాలిలో కొరడాలా సుడులు తిరుగుతూ, తడి ఆరిపోయి, పలక మీద తెల్లని పొరగా పేరుకుంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు అయితే, ఈ పోగు మందం కొన్ని వందల నానోమీటర్లు మాత్రమే. మన శరీరంలో కణాల చుట్టూ ఉండే కొలాజెన్ పోగులు కూడా ఇంచుమించు ఇంత సన్ననివే కాబట్టి కణం ఆ పొరను తన ఇల్లుగానే భావిస్తుందని శాస్త్రవేత్తల ఆశ. ఆ ఆశకు ఆధారమూ ఉంది. తన కింద ఉన్న తలం మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నదాన్ని బట్టి మూలకణం నాడీ కణం వైపో, కండరం వైపో, ఎముక వైపో మొగ్గుతుందని 2006లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం చూపింది. మూలకణానికి స్పర్శ ఉందని తెలిసిన రోజు నాకు ఈ రంగం మీద గౌరవం పెరిగింది.

చిక్కులు కూడా ఆ పొరలోనే ఉన్నాయి. దాంట్లో పడుగూ లేదు, పేకా లేదు. ఏకిన దూదిలా పోగులు ఎటు పడితే అటు పడి ఉంటాయి. మోకాలి గుజ్జు మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే అయినా, అందులో పై వరుస పోగులు తలానికి సమాంతరంగా పరుచుకొని ఉంటాయి, అడుగు వరుసవి నిలువుగా ఎముకలోకి దిగి ఉంటాయి, నడుమవి వంపు తిరిగి ఆ రెండింటినీ కలుపుతాయి. నేతగాడికి చూపిస్తే ఇది ఒక పొర కాదు, మూడు రకాల నేత అంటాడు. పలకకు బదులు వేగంగా తిరిగే డ్రమ్ము పెట్టి పోగులను ఒకే దిక్కుకు తేవడం సాధ్యమైంది గానీ, ఆ మూడు వరుసలనూ మనిషి బరువు ఏళ్ల తరబడి మోసేలా కుదర్చడం ఇంకా పూర్తి కాలేదు. పైగా పోగులు దట్టంగా పడితే సందులు కణం కంటే చిన్నవై, కణాలు లోపలికి దిగకుండా పైపైనే ఉండిపోతాయి. పరంజా ఎప్పుడు కరగాలన్నది మరో ప్రశ్న: గోడ లేవకముందే కరిగితే కూలుతుంది, లేచాక కూడా కరగకపోతే అడ్డం పడుతుంది.

పరంజా మీద మూలకణాలను నిలిపే పద్ధతి ఎక్కడ ఫలించిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన రాష్ట్రంలోనే ఉంది. సున్నం పడి కంటి నల్లగుడ్డు అంచు కాలిపోయినప్పుడు అక్కడి మూలకణాలు చచ్చి, చూపు మసకబారిపోతుంది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2012లో ప్రకటించిన పద్ధతిలో, బాగున్న కంటి నుంచి 2 మిల్లీమీటర్ల చిన్న ముక్క తీసి, దాన్ని ఎనిమిది పది తునకలు చేసి, ప్రసవంలో లభించే ఉమ్మనీటి సంచి పొరను దెబ్బతిన్న కంటి మీద పరచి, దానిపై ఆ తునకలను జిగురుతో అతికిస్తారు. అంటే పరంజాగా ప్రకృతి ఇచ్చిన పొర, దాని మీద మూలకణాలు. అది నిలవడానికి కారణాలున్నాయి: ఆ కణజాలం పలుచనిది, బరువు మోయదు, దెబ్బ ఒక్క చోటికే పరిమితం.

మోకాలిలో పరిస్థితి అది కాదు. గుజ్జుకు రక్తనాళాలు లేవు, కాబట్టి దానంతట అది మానే శక్తి చాలా తక్కువ. ఆటలో దెబ్బ తగిలి కుర్రవాడి గుజ్జులో చిన్న గుంట పడితే, అతని గుజ్జు కణాలనే పెంచి ఆ గుంటలో నింపవచ్చని 1994లో స్వీడన్ వైద్యులు ప్రచురించారు. కొలాజెన్ పొర మీద కణాలను పెంచి అతికించే పద్ధతికి 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ వైద్యం గుంటకు. నాలుగో దశలో ఉన్నది గుంట కాదు. గుజ్జంతా పోయి ఎముక ఎముకను ఒరుసుకుంటూ ఉంటుంది, కింది ఎముక గట్టిపడి ఉంటుంది, కీలు పొర వాచి ఉంటుంది, చాలామందిలో కాలు విల్లులా వంగి ఉంటుంది. పునాది కుంగిన ఇంట్లో కొత్త గచ్చు చేయించినంత మాత్రాన పగుళ్లు ఆగవు.

ఇక తుంటి మజ్జ సంగతి. మజ్జలోని కేంద్రకం గల కణాల్లో ఈ రకం మూలకణాలు లక్షకు ఒకటి నుంచి పది దాకా మాత్రమే ఉంటాయి. తీసిన మజ్జను యంత్రంలో తిప్పి అదే గంటలో ఎక్కిస్తే అది ఎక్కువగా రక్త కణాల ఇంజెక్షనే. ఎక్కించిన మూలకణాలు కూడా కొత్త గుజ్జుగా మారడం కంటే, వాపును తగ్గించే రసాయనాలను విడుదల చేయడం ద్వారానే పనిచేస్తాయన్నది ఇప్పుడు బలపడిన అభిప్రాయం. 1991లో వాటికి ‘మెసెన్‌కైమల్ స్టెమ్ సెల్స్’ అని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లాన్ అనే శాస్త్రవేత్తే 2017లో ఆ పేరు మార్చాలని రాశారు. దాతల మజ్జ నుంచి ప్రయోగశాలలో పెంచిన కణాల ఇంజెక్షన్ ఒకదానికి మన ఔషధ నియంత్రణ సంస్థ 2022లో అనుమతి ఇచ్చిన మాట నిజమే. అయితే అది మోకాలి అరుగుదలలో రెండు, మూడు దశలవారికి. మీకు చెప్పిన మజ్జ ఇంజెక్షన్, నానోఫైబర్ పొర అది కాదు.

తొందరపడితే ఏమవుతుందో కూడా ఈ రంగం చూసింది. స్వీడన్‌లో 2011 నుంచి ఒక సర్జన్ మూలకణాలు అద్దిన కృత్రిమ శ్వాసనాళాలను ముగ్గురికి అమర్చారు. ముగ్గురూ చనిపోయారు, 2023లో అక్కడి అప్పీలు కోర్టు ఆయనకు జైలుశిక్ష వేసింది. మోకాలి ఇంజెక్షన్‌తో ప్రాణం పోతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ గత ఏడాది పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఇలాంటి ఇంజెక్షన్ తర్వాత మోకాలు చీము పట్టి నా దగ్గర చేరారు. ఆమె దగ్గరున్న రసీదులో ‘బయలాజికల్ ఇంజెక్షన్’ అన్న రెండు మాటలు, కట్టిన మొత్తం తప్ప, ఎన్ని కణాలు ఎక్కించారో, ఎక్కడ తయారైందో, బ్యాచ్ సంఖ్య ఏమిటో ఏదీ లేదు.

నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, అనుమతి పొందని మూలకణ చికిత్సను క్లినికల్ ట్రయల్‌గా తప్ప చేయరాదు. ట్రయల్‌లో చేరేవారి దగ్గర డబ్బు తీసుకోరాదు. ప్రతి ట్రయల్‌కు సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉంటుంది. ప్రకటన ఇచ్చినవారికి ఫోన్ చేసి ఆ సంఖ్య, నీతి సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి పత్రం అడగండి. మాట దాటేస్తే జవాబు దొరికినట్టే.

మీ నాన్నగారి విషయానికి వస్తే, నిలబడి తీసిన ఎక్స్‌రేలు చూడకుండా నేను తుది మాట చెప్పలేను; అయినా నాలుగో దశ అని, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి అని తేలితే మార్పిడి ఆపరేషనే నమ్మకమైన దారి. పెద్ద రిజిస్ట్రీల లెక్కల్లో మార్చిన మోకాళ్లలో పదింట ఎనిమిది 25 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయి. ఈలోగా బరువు ఉంటే తగ్గించాలి. ఒక్క కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ ముందు కండరానికి రోజూ వ్యాయామం, చేతికర్ర, కింద బాసిపట్లు వేసుకొని కూర్చోవడం మానడం, ఇవన్నీ పనికొస్తాయి. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని నెలల తరబడి వేసుకుంటే కిడ్నీలు చెడే ప్రమాదం ఉంది. ఆరోగ్యశ్రీలో మీకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఆయన భయం ఆపరేషన్ గురించా, ఆ తర్వాత మగ్గం ఎక్కలేనేమోననా అన్నది నెమ్మదిగా అడిగి చూడండి. రెండోదైతే ఒక మాట చెప్పండి: గుంట మగ్గంలో కాళ్లు కిందికి వేలాడుతాయి కాబట్టి కూర్చోవడం కుర్చీలో కూర్చున్నట్టే, నేల మట్టం నుంచి దిగడం, లేవడమే మోకాలికి కష్టం. గుంట పక్కన పట్టుకోవడానికి ఒక గట్టి కమ్మీ పాతించి, కూర్చునే పలకను జానెడు ఎత్తు చేయిస్తే, ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు ఆయన సర్జన్ అనుమతితో రోజుకు కొంతసేపు నేయడం సాధ్యమే.